డెల్టాలో డంజియన్ ఎక్కడ కట్టాలి? గోదావరి నేల మీద ఫాంటసీ ఆర్‌పీజీ మ్యాప్ తయారీకి సమగ్ర మార్గదర్శి

ఫాంటసీ ఆర్‌పీజీ గేమ్ (ఆటగాడు ఒక పాత్రగా మారి కథలో సాగే ఆట) చేద్దామని కూర్చున్నవాళ్లు కాగితం మీద ముందుగా గీసేది ఒక కొండ. కొండలో గుహ, గుహలోంచి కిందికి మెట్లు, అడుగున నిధి. ఆటల భాషలో ఇలాంటి చోటు డంజియన్. తర్వాత చుట్టూ అడవి, ఓ మూల ఊరు. గోదావరి డెల్టాలో కథ పెట్టాలనుకుంటే ఈ బొమ్మ మొదటి గీత దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ కొండ లేదు. నేలంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. కోనసీమలో చాలాచోట్ల కొద్ది అడుగులు తవ్వగానే ఊట కనిపిస్తుంది. లంకలో అయిదంతస్తుల నేలమాళిగ ఉందని రాస్తే ఇక్కడ పెరిగిన పిల్లలెవరూ నమ్మరు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. డెల్టా గేమ్‌కి నేలమాళిగ ఒక్కటి చాలు. మిగతా డంజియన్లన్నీ ఆకాశం కిందే కట్టాలి. నీరు, బురద, మడచెట్లు, ఏటిగట్లు వాటికి గోడలవుతాయి. ఆ పని ఎలా చేయాలో వరసగా చూద్దాం. కోడింగ్ వచ్చినా రాకపోయినా మొదటి నాలుగు మెట్లకు కాగితం, పెన్సిల్, రబ్బరు ఉంటే సరిపోతుంది.

మొదటి మెట్టు: డంజియన్‌కీ ఆరుబయలుకీ తేడా తేల్చుకోండి

ఆటగాడు ఏ వైపు నుంచి వస్తాడో, వచ్చేటప్పటికి ఏం చూసి ఉంటాడో మీకు ముందే తెలిస్తే అది డంజియన్. తెలియకపోతే ఆరుబయలు. పైకప్పు సంగతి తర్వాత.

ఈ తేడా గేమ్స్ పుట్టిన రోజుల నుంచీ ఉంది. 1981లో వచ్చిన విజార్డ్రీ మొత్తం ఒక్క డంజియన్. పది అంతస్తులు, అంతస్తుకు 20×20 గళ్లు. ఆడేవాళ్లు గ్రాఫ్ కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో గడీ తామే గీసుకునేవాళ్లు. అదే ఏడాది వచ్చిన అల్టిమా దారి వేరు. అందులో ముందు బయటి ప్రపంచం, ఊళ్లు, కోటలు. డంజియన్లు ఆ ప్రపంచంలో అక్కడక్కడా ఉంటాయి. 1986 నాటి మొదటి లెజెండ్ ఆఫ్ జెల్డా ఈ రెండింటినీ ముడివేసింది. పైన 128 తెరల ఆరుబయలు, కింద తొమ్మిది డంజియన్లు. డంజియన్‌లో దొరికిన వస్తువు పైన కొత్త దారి తెరుస్తుంది, ఆ దారి ఇంకో డంజియన్‌కి తీసుకెళ్తుంది. ఇప్పటికీ ఈ రంగంలో చాలామంది నడిచేది ఆ బాటలోనే.

దీనివల్ల మీ పనిలో వచ్చే మార్పు చాలా పెద్దది. డంజియన్‌లో సంఘటనలను వరసలో పేర్చవచ్చు. మూడో గదిలో సూచన, అయిదో గదిలో దాని అవసరం. ఆరుబయట ఆ వరస చెల్లదు. ఆటగాడు లంకకి తూర్పు నుంచి పడవలో రావచ్చు, పడమటి నుంచి ఈదుకుంటూ రావచ్చు, కథ సగం తెలిసి రావచ్చు, ఏమీ తెలియకుండా రావచ్చు. కాబట్టి బయట పెట్టే ప్రతి గుడిసె, ప్రతి రేవు, ప్రతి మనిషి మాట ఎటు నుంచి వచ్చినవాడికైనా అర్థం కావాలి.

యంత్రం వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. గదిలో ఉంటే గోడల అవతలిది గీయక్కర్లేదు. బయట దూరంగా కనిపించేదంతా గీయాలి. పాత త్రీడీ గేమ్స్‌లో బయట పొగమంచు అంత దగ్గరగా ఉండేది అందుకే. మన గేమ్ ఆడేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది మామూలు ఆండ్రాయిడ్ ఫోన్. ఈ విషయం ఎప్పుడూ మనసులో పెట్టుకోండి.

రెండో మెట్టు: డెల్టా మొత్తం వద్దు, ఒక ముక్క తీసుకోండి

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమి, వశిష్ఠల మధ్య ఉన్నది కోనసీమ. తూర్పున కోరంగి మడ అడవులు, పడమర అంతర్వేది దగ్గర సాగరసంగమం. ఇదంతా ఒకే గేమ్‌లో పెడతామంటే ఇద్దరు ముగ్గురు స్నేహితుల జట్టుకి ఏళ్లు పడుతుంది, అయినా ఖాళీగా కనిపిస్తుంది.

ఒక లంక, దాన్ని ఆనుకున్న ఒక పాయ, ఒక కాలువ, ఒక మడ అడవి ముక్క. ఇంతే తీసుకోండి. లంక పేరు కల్పించండి. నిజమైన ఊరి పేరు పెడితే ఆ ఊరివాళ్లు తమ వీధి కోసం వెతుకుతారు, లేకపోతే బాధపడతారు.

ఇప్పుడు కొలత. పాత్ర సెకనుకి 5 మీటర్లు పరుగెత్తుతుందనుకోండి. రెండు కిలోమీటర్ల లంకని ఆ చివర నుంచి ఈ చివరికి దాటడానికి 400 సెకన్లు, అంటే ఆరున్నర నిమిషాలు దాటుతుంది. మధ్యలో నిర్ణయించాల్సింది ఏమీ లేకపోతే ఎవరైనా ఫోన్ పక్కన పెట్టేస్తారు. నిమిషానికి ఒక్కసారైనా ఆటగాడు ఏదో ఒకటి ఎంచుకోవాలన్నది నేను పెట్టుకునే లెక్క. నిమిషమంటే ఈ వేగంతో 300 మీటర్లు. లంకని మూడో వంతుకి కుదిస్తే రెండు నిమిషాల చిల్లరలో దాటవచ్చు. అప్పుడు రెండు మూడు మంచి మలుపులు పెడితే చాలు. దూరం తగ్గించినందుకు ఎవరూ నొచ్చుకోరు. వెలితిగా ఉంటేనే నొచ్చుకుంటారు.

మూడో మెట్టు: చదును నేలకి ఎత్తుపల్లాలు తెప్పించండి

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. పెద్ద ఆరుబయలు గేమ్స్ చాలావరకు కొండల మీద ఆధారపడతాయి. కొండ ఎక్కితే దూరంగా ఏదో కనిపిస్తుంది, అటు వెళ్లాలనిపిస్తుంది. వెళ్తుంటే మధ్యలో ఇంకో గుట్ట అడ్డొస్తుంది, ఎక్కాలా చుట్టూ తిరగాలా అన్న ప్రశ్న వస్తుంది, తిరిగితే దాని వెనక దాగినది బయటపడుతుంది. 2017 నాటి బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో గుట్టలను త్రికోణాలుగా పేర్చింది ఇందుకేనని దాన్ని తయారు చేసినవాళ్లే వివరించారు.

మనకి గుట్ట లేదు. అయితే కనబడటం, మరుగవడం అనే ఆ రెండు పనులూ చేసేవి డెల్టాలో వేరే ఉన్నాయి.

ఏటిగట్టు ఎత్తయిన చోటు. దాని మీద నిలబడితే ఒకవైపు నది, మరోవైపు పొలాలు, దూరంగా గోపురం. గట్టు దిగి కొబ్బరితోటలోకి వెళ్లగానే గోపురం మాయమవుతుంది. చుట్టూ మానులు, పైన మట్టలు, కాళ్ల కింద బోదెలు. తోట దాటి వరిపొలంలోకి రాగానే మళ్లీ అంతా తెరుచుకుంటుంది, కానీ గోపురం ఇప్పుడు అనుకున్న చోట లేదు, కాస్త ఎడమకి జరిగింది. ఎత్తు, మరుగు, బయలు, మళ్లీ మరుగు. మీ మ్యాప్‌ని ఈ వరసలో నింపండి. తోటలు దట్టంగా ఉంటే దూరపు దృశ్యం గీయాల్సిన అవసరమూ తగ్గుతుంది, ఫోన్ మీద భారమూ తగ్గుతుంది.

దూరం నుంచి గుర్తుపట్టే ఆనవాళ్లు మూడుకి మించకుండా పెట్టండి. గుడి గోపురం, నదీ ముఖం దగ్గర లైట్‌హౌస్, పాయ మీద వంతెన లేదా అక్విడక్టు (కాలువను నది మీదుగా దాటించే కట్టడం). మూడింటి ఆకారమూ నీడలో చూసినా వేరువేరుగా తెలియాలి. లంకలో ఎక్కడ నిలబడ్డా కనీసం ఒకటి కనిపించాలి, తోటల్లో తప్ప.

దిక్కుల విషయంలో ఒక సలహా. తెర మీద ఉత్తరం, దక్షిణం చూపించే దిక్సూచి పెట్టకండి. ఏటి పక్కన బతికేవాళ్లు ఎగువ, దిగువ అంటారు, ఏటి వైపు అంటారు, కాలవ అవతల అంటారు. ఊరివాళ్ల మాటల్లో దారి అలాగే చెప్పించండి. "ఎగువకెళ్తే లాకులొస్తాయండి, ఆ పక్కనే రేవు" అని ఒక ముసలాయన చెప్తే ఆటగాడు నీటి పారుదల చూసి దారి కనిపెడతాడు. అప్పుడు నదే దిక్సూచి అవుతుంది. పాయల్లో నీరు ఎటు పారుతోందో స్పష్టంగా కనిపించేలా బొమ్మ గీయడం మీ పూచీ. సముద్రానికి దగ్గర్లో పోటు వేళ నీరు ఎగువకి తోసుకొస్తుంది. ఆ మలుపుని ఆట చివరి భాగానికి దాచుకోండి, చాలా బలంగా పనిచేస్తుంది.

నాలుగో మెట్టు: నీటికి మట్టాలు పెట్టండి

ఆరుబయట మ్యాప్‌లు చాలావాటిలో కాలం గడిచినా నేల మారదు. డెల్టాలో మారాలి. మారకపోతే అది డెల్టాయే కాదు.

వరదకి మనకి సిద్ధంగా ఒక కొలమానం ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వీటిని మీ ప్రపంచపు మూడు స్థితులుగా వాడండి. మొదటి స్థితిలో లంకకి వెళ్లే కాజ్‌వే మునుగుతుంది, నడక దారి పోతుంది, పడవ ఒక్కటే దిక్కు. రెండో స్థితిలో లంక పొలాలు మునుగుతాయి, శత్రువులూ జంతువులూ మిట్టల మీదకి చేరతాయి, మామూలు రోజుల్లో ఎదురుపడనివాళ్లు ఒకే చోట ఉంటారు. మూడో స్థితిలో ఏటిగట్టు, మేడలు, చెట్లు మిగులుతాయి. మామూలు రోజుల్లో అందని మేడగది కిటికీ ఇప్పుడు పడవలోంచి అందుతుంది. ఒకే మ్యాప్‌ని మూడు మ్యాప్‌లుగా ఆడించవచ్చు.

హెచ్చరిక ముందుగా అందాలన్నది మరిచిపోవద్దు. నిజజీవితంలో భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగుల హెచ్చరికలు చూసి దిగువవాళ్లు సర్దుకుంటారు, ఎందుకంటే ఆ నీరు కిందికి రావడానికి సమయం పడుతుంది. ఆటలోనూ ఎగువ నుంచి కబురు రావాలి. కబురుకీ వరదకీ మధ్య వ్యవధిలో ఆటగాడు ఏం చేస్తాడన్నదే కథ. గొడ్లను గట్టెక్కిస్తాడా, ధాన్యం మోస్తాడా, మునిగిపోయే లోపు పాతగుడిలో వెతుకుతాడా? మూడూ చేయడానికి టైమ్ చాలకూడదు. వరదను ప్రాణాలు తీసే వినోదంగా చూపించకండి. ఈ నేల మీద 1986 వరద చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆటుపోట్లు ఇంకా సులువు. మన తీరంలో రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఆటలో ఒక రోజు 24 నిమిషాలు అనుకుంటే పోటుకీ పోటుకీ మధ్య పన్నెండున్నర నిమిషాలు. దీన్ని గడియారంగా చూపించకండి. రేవు మెట్లలో ఎన్ని మునిగాయో చూసి ఆటగాడే లెక్కగట్టుకోవాలి. పడవ సరంగు ఒక మాట అంటాడు: "నీరు తీసేస్తందండి, బేగా ఎక్కండి." రెండోసారి ఆ మాట వినేసరికి ఆటగాడికి ఆ పద్ధతి పట్టుబడుతుంది.

అయిదో మెట్టు: మడ అడవిలో పైకప్పు లేని డంజియన్

కోరంగి లాంటి మడ అడవిని ఊహించుకోండి. సన్నటి పాయలు, పాయ పక్క పాయ, రెండు వైపులా గోడల్లా చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లు. ఆకాశం ఉంది కానీ ఒక పట్టీలా. దూరం కనబడదు, గోపురం కనబడదు. వచ్చిన దారి వెనక్కి తిరిగి చూస్తే వేరేలా ఉంటుంది. డంజియన్‌కి కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి. పాయలు నడవలు, పాయలు కలిసే చోట్లు గదులు.

కాగితం మీద తొమ్మిది చుక్కలు పెట్టండి. వాటిని గీతలతో కలపండి. ప్రతి గీత పక్కన పోటు అనో పాటు అనో రాయండి. పోటు వేళ పడవ వెళ్లగలిగే పాయలు కొన్ని, పాటు వేళ నీరు తీసి బురద నేల బయటపడితే నడిచే దారులు కొన్ని. ఒక వేళలో అందే చోటు ఇంకో వేళలో అందదు. మధ్యలో ఒకటి రెండు గీతలు రెండు వేళల్లోనూ తెరిచి ఉండాలి, లేకపోతే ఆటగాడు ఇరుక్కుంటాడు. ఇరుక్కోవడం టెన్షన్ కాదు, విసుగు. పన్నెండు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టకండి. పడవలో నిద్రపోయి పోటుదాకా ఆగే వీలు ఇవ్వండి, దానికి బదులుగా ఏదో ఒకటి తీసుకోండి: తాగునీరు తగ్గాలి, లేదా వెంట పడుతున్నవాడు దగ్గరవ్వాలి.

ప్రమాదాలు నేల నుంచే తీసుకోండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుందని మడ అడవికి వెళ్లేవాళ్లందరికీ తెలుసు. ఆటలో తిల్లకొమ్మ నరికితే కాసేపు తెర మసకబారాలి. అదే పాలు బాణానికి పూసి వాడుకోనివ్వండి. నీటిపిల్లి, నీటికుక్కలు ఇక్కడి అసలు నివాసులు. వాటిని చంపితే పాయింట్లు వచ్చే పద్ధతి పెట్టకండి. నీటిపిల్లి జాడలున్న చోట చేపలుంటాయి, చేపలున్న చోట లోతు పాయ ఉంటుంది. ఆ జాడ దారి చూపేది కావాలి. రాక్షసులు కావాలంటే కల్పించండి, ఫాంటసీ కదా. గ్రామదేవతను మాత్రం బాస్‌గా, అంటే చివర్లో ఓడించాల్సిన పెద్ద శత్రువుగా, పెట్టవద్దు. ఆ గుడి దగ్గర దీపం వెలిగిస్తే ఆట సేవ్ అయ్యేలా చేయండి, చాలా సహజంగా ఉంటుంది.

ఆరో మెట్టు: లాకుల డంజియన్

ఈ మార్గదర్శిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువల వల డెల్టా అంతా పరుచుకుంది. ఆ కాలువల్లో పడవలు తిరిగే రోజుల్లో నీటిమట్టాల తేడా దాటడానికి కట్టినవి లాకులు. ప్రపంచంలో చాలా గేమ్స్‌లో తాళంచెవి, తలుపు పజిల్ అరిగిపోయింది. మన దగ్గర నీటితో పనిచేసే తలుపు ఊరూరా ఉంది, ఎవరూ వాడుకోలేదు.

పని తీరు ఇది. రెండు తలుపుల మధ్య ఒక గది. ఒకవైపు పైమట్టం, ఇంకోవైపు దిగువ మట్టం. గదిలో నీరు బయటి నీటితో సమానమైతేనే ఆ వైపు తలుపు తెరుచుకుంటుంది. కిందినుంచి పైకి వెళ్లాలంటే ముందు గది నీరు దిగువ మట్టానికి దింపాలి, దిగువ తలుపు తెరిచి పడవ లోపలికి తేవాలి, మూయాలి, ఎగువ నీరు వదలాలి, గది నిండాక ఎగువ తలుపు తెరవాలి. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోవు. అంతే నియమం. ఇంతకన్నా శుభ్రమైన పజిల్ నియమం దొరకదు.

ఇలాంటి గదులు మూడు వరసగా పెట్టండి. మొదటి గదిలో నియమం నేర్పండి, ప్రమాదం ఏదీ వద్దు. మాటలతో వివరించకండి. ఒక లస్కరు (లాకుల దగ్గర పనిచేసే మనిషి) తలుపు తిప్పుతుంటే ఆటగాడు పడవలో కూర్చుని చూడాలి. రెండో గదిలో లస్కరు ఉండడు, ఆటగాడే తిప్పాలి. నీరు తగ్గినప్పుడు గోడ మీద పాత రాతలు బయటపడతాయి, నిండినప్పుడు పైనున్న గూడు అందుతుంది. అంటే ముందుకెళ్లడానికి ఒకసారి, వెతకడానికి ఇంకోసారి, గదిని రెండు మట్టాల్లోనూ చూడాలి. మూడో గదిలో నీళ్లలో ఏదో ఉంది. నీరు నింపితే అది పైకి వస్తుంది, దింపితే ఆటగాడు దానికి దగ్గరవుతాడు. నియమం మారలేదు, భయం చేరింది. కొత్త నియమాలు కలుపుకుంటూ పోవడంకన్నా తెలిసిన నియమానికే కొత్త బరువు పెట్టడం ఎప్పుడూ మేలు.

మూడో గది దాటాక దారి పి.గన్నవరం అక్విడక్టు లాంటి కట్టడం మీదకి తేలాలి. అక్కడ నిజంగానే కాలువ నది మీదుగా వంతెన ఎక్కి వైనతేయను దాటుతుంది. కింద నది, మధ్యలో కమానులు, పైన కాలువ. మీ డంజియన్ ఇక్కడ కమానుల లోపలికి దిగవచ్చు, నది మీద వేలాడుతూ ఉండవచ్చు. ఇది పూర్తిగా నేల పైనే ఉన్న మూడంతస్తుల డంజియన్. నిలువుగా చోటు ఎలా వాడాలో చూడాలంటే ద్రాక్షారామం వెళ్లి రండి. శివలింగం రెండంతస్తుల ఎత్తు. కింద ప్రదక్షిణ మార్గంలో చీకటి, మెట్లెక్కి పైకి వెళ్తే అదే మూర్తి దర్శనం వేరేగా. ఒకే వస్తువును రెండు మట్టాల నుంచి చూపిస్తే మనసులో ఎంత నిలుస్తుందో అక్కడ తెలుస్తుంది.

ఇంకో అవకాశం ఎండాకాలానిది. కాలువలు కట్టేశాక అడుగు బయటపడుతుంది. రెండు వైపులా గట్లు, మధ్యలో ఎండిన దారి, అక్కడక్కడా తూములు. నేల కన్నా లోతుగా ఉన్న నడవ. వానాకాలంలో పడవలో దాటిన చోటే వేసవిలో డంజియన్‌గా మారుతుంది. దానికి విడిగా మ్యాప్ గీయక్కర్లేదు.

ఏడో మెట్టు: ఆ ఒక్క నేలమాళిగ

ఇప్పుడు నిజంగా నేల కిందికి వెళ్దాం. ఒక్కసారే, కాబట్టి కారణం గట్టిగా ఉండాలి. నాకు నచ్చే కారణం మునిగిపోయిన రేవుపట్నం. కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుఫాను ఉప్పెనలు దాన్ని దెబ్బతీశాయి. అలాంటి ఒక కల్పిత పట్నంలో వర్తకుల గిడ్డంగులు ఒండ్రు కింద పూడుకుపోయాయనుకోండి. అప్పుడు అవి ఎవరో తవ్వినవి కావు, నదే కప్పేసినవి. డెల్టావాళ్లకి ఇది నమ్మదగిన నేలమాళిగ.

లోపల లెక్క కచ్చితంగా ఉండాలి. దీపంలో నూనె ఎనిమిది నిమిషాలు వస్తుందనుకోండి. అడుగు గదికి మూడు నిమిషాలు, తిరిగి రావడానికి మూడు. వెతకడానికి మిగిలేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లోనే మొత్తం ఉత్కంఠ ఉంటుంది. ఇప్పుడు అడుగు గది దగ్గర, లోపలి నుంచి మాత్రమే తెరుచుకునే ఒక అడ్డదారి పెట్టండి. అది తెరిస్తే తిరుగుదారి ఒక నిమిషం. వెతకడానికి ఇప్పుడు నాలుగు నిమిషాలు దొరుకుతాయి. కొత్త ఆయుధం ఇవ్వకుండానే ఆటగాడి బలం రెట్టింపు చేశారు. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో ఎంతో దూరం పోరాడుతూ వెళ్లాక ఒక లిఫ్ట్ దిగితే మొదట బయలుదేరిన చోటే తేలతాం. ఆడినవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. అదే ఏడాది స్కైరిమ్‌లో గుహ చివరి నుంచి బయటకి దగ్గరి దారి తరచూ ఉంటుంది. సౌకర్యమే, కానీ పదే పదే ఎదురైతే ఆటగాడు ముందే ఊహిస్తాడు. ఒక్క నేలమాళిగే పెడుతున్నాం కాబట్టి ఆ చిక్కు మనకి రాదు.

గదులు తొమ్మిది నుంచి పన్నెండు చాలు. గమ్యాన్ని మొదటి గదిలోనే కటకటాల వెనక నుంచి చూపించండి. కనిపిస్తున్నదాన్ని చేరలేకపోవడం ఆటగాడిని లోపలికి లాగుతుంది. తిన్నగా ఒకే వరసలో గదులు పెట్టకండి. కనీసం రెండు చోట్ల దారి గుండ్రంగా తిరిగి కలవాలి. ఊట నీరు మెల్లగా పెరుగుతుంటే కింది గదులు ముందు మునుగుతాయి, కాబట్టి ముఖ్యమైనది అడుగునే పెట్టండి.

ఎనిమిదో మెట్టు: పైకీ కిందికీ ముడి

2023 నాటి టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్‌లో నేల కింద పై మ్యాప్‌కి సరిసమానంగా ఇంకో చీకటి మ్యాప్ ఉంది. పైన మందిరం ఉన్న చోటికి సరిగ్గా కింద వెలుగిచ్చే వేరు ఉంటుంది. ఒకటి తెలిస్తే రెండోది ఊహించవచ్చు. 2022 నాటి ఎల్డెన్ రింగ్‌లో లిఫ్ట్‌లో చాలాసేపు కిందికి దిగాక, నేల లోపల నక్షత్రాలున్న ఆకాశంలాంటిది తెరుచుకుంటుంది. కింద ఇరుకే ఉంటుందనుకున్నవాళ్లకి అది పెద్ద దెబ్బ. అంత పెద్దవి మనం కట్టలేం, కానీ అవి నేర్పేది వాడుకోవచ్చు. పైన ఉన్నది కింద తెలియాలి.

డెల్టాలో ఆ ముడి బావి. పైన గిలకబావి, కింద పూడిన గిడ్డంగిలో నీళ్లు చుక్కలుగా పడే గది. ఆటగాడు కింద దారి తప్పినప్పుడు బావిలోంచి గుడిగంట వినిపించాలి. అప్పుడు తను ఊరి మధ్యలో ఉన్నానని తెలుస్తుంది. శబ్దానికి ఇచ్చే శ్రమ ఎప్పుడూ వృథా కాదు. బయట కొబ్బరిమట్టల గాలి, అవతలి రేవులో కేకలు. లోపల అడుగుల చప్పుడు, దాని ప్రతిధ్వని. గడప దాటిన మొదటి అయిదారు సెకన్లు తెరని బాగా చీకటిగా ఉంచి, తర్వాత కళ్లు అలవాటు పడినట్టు మెల్లగా వెలుగు పెంచండి. బయటకి వచ్చేటప్పుడు దీనికి తలకిందులుగా, ముందు తెల్లటి వెలుగు.

ప్రవేశం ఒక లంకలో, నిష్క్రమణ ఇంకో లంకలో పెట్టగలిగితే మరీ మంచిది. త్వరగా తిరగడానికి పంటు (మనుషుల్ని, బళ్లని ఏరు దాటించే పెద్ద పడవ) పెట్టండి, రేవు నుంచి రేవుకి, నీరు అనుమతించినప్పుడే.

తొమ్మిదో మెట్టు: లోపల సాధించినది బయట కనిపించాలి

నిధిపెట్టె, బంగారం, పదునైన కత్తి అందరూ ఇస్తారు. మీరు లాకు తలుపు తిప్పే ఇనుప పిడి ఇవ్వండి. నేలమాళిగ అడుగున దొరికిన ఆ పిడితో మూసుకుపోయిన తూము తెరిస్తే కాలువలో నీరు కదలాలి. శివారు భూముల దాకా చేరాలి. ఆటగాడు ఏటిగట్టు ఎక్కి చూస్తే ఎండిన మడుల్లో నీళ్లు మెరవాలి, కొన్ని రోజులకి ఆకుమళ్లు పచ్చబడాలి, తాళం వేసి వెళ్లిపోయినవాళ్ల ఇళ్లలో దీపాలు వెలగాలి. ఈ డెల్టాలో శివారుకి నీరందడం కన్నా పెద్ద గెలుపు లేదు. రైతు ఇంట్లో పుట్టినవాళ్లకి ఆ దృశ్యం ఏ డ్రాగన్‌ని చంపినా రాని తృప్తి ఇస్తుంది.

పదో మెట్టు: కట్టడం, ఆడించి చూడటం

పనిముట్ల గురించి క్లుప్తంగా. గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడాట్ ఇంజిన్ ఉచితం. నాలుగో వెర్షన్ నుంచి తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా చూపిస్తుంది, అంతకు ముందువి తీసుకోకండి. తెలుగు ఫాంట్ మీరే జత చేయాలి. సంభాషణలు మొదటి నుంచే తెలుగులో రాయండి, తర్వాత మారుద్దామనుకుంటే అవి అతికినట్టుంటాయి.

మొత్తం మ్యాప్ ఒకేసారి మొదలుపెట్టవద్దు. ముందు ఒక్క లాకు గది కట్టండి. పెట్టెల్లాంటి బొమ్మలతో చాలు, రంగులు అక్కర్లేదు. అది ఆడటానికి బాగుంటే దాని బయట ఏటిగట్టు, గట్టు కింద ఒక తోట. తర్వాత మడ అడవి. నేలమాళిగ అన్నిటికన్నా చివర.

పూర్తయిన ప్రతి ముక్కనీ ఇద్దరితో ఆడించండి. ఒకరు గేమ్స్ బాగా ఆడేవాళ్లు, ఇంకొకరు అసలు ఆడనివాళ్లు, పిన్నిగారో మేనమామో ఎవరైనా సరే. పక్కన కూర్చోండి, ఒక్క మాట కూడా చెప్పకండి. నోటు పుస్తకంలో మూడు రకాల గుర్తులు పెట్టండి: ఎక్కడ ఆగి చుట్టూ చూశారు, ఎక్కడ వెనక్కి తిరిగారు, ఎక్కడ మీ వైపు చూశారు. ఆరుబయట ఆగి చూస్తే మంచిదే, ఆనవాళ్లు పనిచేస్తున్నాయి. డంజియన్‌లో పదే పదే వెనక్కి తిరిగితే గదులు ఒకదానిలా ఒకటి ఉన్నాయని అర్థం, ప్రతి గదికి ఒక వింత గుర్తు పెట్టండి. మీ వైపు చూసిన చోట నియమం అర్థం కాలేదు. అక్కడ వివరణ వాక్యం చేర్చే ముందు లస్కరుని ఇంకోసారి తలుపు తిప్పించి చూడండి. అప్పటికీ అర్థం కాకపోతే ఆ గదిలో నీరు మరీ మెల్లగా పెరుగుతోందేమో సరిచూసుకోండి. గది నిండటానికి ఎనిమిది సెకన్లు దాటితే తాము తిప్పినందుకే నీరు కదిలిందని చాలామందికి తట్టదు.